ఎడమకాలి సబక్: రహీమ్ సాబ్ ముందే చూసిన రేపటి ఫుట్‌బాల్

అసర్ తర్వాత మా గల్లీలో గంటసేపు ఒకటే హంగామా. ఇటు రెండు ఇటుకలు, అటు రెండు చెప్పులు పెడితే గోల్‌పోస్టులు తయార్. మధ్యలో ఆగివున్న ఆటోలు, స్కూటర్లు, ఎవరింటి ముందో ఆరేసిన ఒడియాల జాలీ. వీటన్నిటినీ తప్పించుకుంటూ బంతి పరుగెడుతుంటుంది. మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా ఎవడూ ఇంటి మొహం చూడడు.

మొన్న మా చిన్నోడు ఆట మధ్యలోనే ఇంట్లోకొచ్చి డ్రాయింగ్ షీట్ ముందేసుకున్నాడు. స్కూల్లో పోటీ అట. "రాబోయే కాలంలో ఆటలు" అని బొమ్మ వేయాలట. వాడు రోబో గోల్‌కీపర్‌ని వేశాడు, బంతికి రెక్కలు పెట్టాడు, రెఫరీ స్థానంలో కంప్యూటర్ గీశాడు. గీసి నన్నడిగాడు: "అబ్బా, ఫ్యూచర్‌లో ఫుట్‌బాల్ ఇట్లనే ఉంటది కదా?"

నేను నవ్వి అన్నాను: "బేటా, రోబో లేకుండా, కంప్యూటర్ లేకుండా, రేపటి ఫుట్‌బాల్ ఎట్లుంటదో మన షహర్‌లో ఒక స్కూల్ మాస్టర్ ముందే చూసిండు. ఆయన దగ్గర ఉన్నవల్లా ఒక విజిల్, ఒక మైదాన్, నీలాంటి పిల్లలు."

వాడు పెన్సిల్ కింద పెట్టాడు. ఆ సాయంత్రం వాడికి చెప్పిన తారీఖ్‌నే ఈ రోజు మీతో పంచుకుంటున్నాను. మీ ఇళ్లలో పిల్లలుంటే చదివి వినిపించండి.

ఉస్మానియా ఇల్మ్, మైదాన్ తాలీమ్

ఆ మాస్టర్ పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హిందూస్తాన్ ఫుట్‌బాల్ మొత్తం ఆయన్ని "రహీమ్ సాబ్" అనే పిలిచింది. 1909లో మన హైదరాబాద్‌లోనే పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు. ఆ యూనివర్సిటీ 1918లో మొదలైనప్పుడు దాని ఖాసియత్ ఏమిటో మన పెద్దలకు తెలుసు. సైన్సు, లెక్కలు, తారీఖ్, ఫల్సఫా, అన్నీ ఉర్దూలోనే చెప్పేవారు. బయటి దేశాల కితాబులను తర్జుమా చేయడానికి ప్రత్యేకంగా దారుల్ తర్జుమా ఉండేది. బయటి ఇల్మ్‌ని తెచ్చుకోవాలి, కానీ మన జుబాన్‌లోకి మార్చుకొని మనదిగా చేసుకోవాలి. ఇదీ ఆ జమానా ఉస్మానియా పద్ధతి. ఈ ముక్క యాద్ పెట్టుకోండి, ముందుకు పనికొస్తుంది.

చదువయ్యాక రహీమ్ సాబ్ టీచర్ అయ్యారు. కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ స్కూళ్లలో పాఠాలు చెప్పారు. తర్వాత ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి ఆటల బాధ్యత తీసుకున్నారు. తానూ బాగా ఆడేవారు. కానీ ఆయన అసలు హునర్ ఆడటంలో కన్నా ఆడించడంలో ఉంది. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యాక ఆ హునర్‌కి పెద్ద మైదాన్ దొరికింది.

కాయిదా మారిస్తే ఆట మారుతుంది

ఆ రోజుల్లో మన దగ్గర ఫుట్‌బాల్ ఎలా ఉండేదో మా నానా చెప్పేవారు. బంతి ఎవడికి దొరికితే వాడే షేర్. ఒకణ్ణి తప్పించి, ఇద్దర్ని తప్పించి, ముగ్గురి మధ్యనుంచి దూరి బంతిని తీసుకుపోతే జనం "వాహ్ వా" అని అరిచేవారు. ముషాయిరాలో మంచి షేర్‌కి దాద్ దొరికినట్టు డ్రిబ్లింగ్‌కి దాద్ దొరికేది. చూడటానికి ఖూబ్‌సూరత్‌గా ఉండేది. మరి గోల్ అయ్యేదా అంటే, చాలాసార్లు కాదు. నాలుగో మనిషి దగ్గర బంతి పోయేది.

రహీమ్ సాబ్ ఇక్కడ ఒక విచిత్రమైన పని చేశారు. లెక్చర్ ఇవ్వలేదు, పిల్లల్ని తిట్టలేదు. ఆట కాయిదా మార్చారు. "నాన్ డ్రిబ్లింగ్" టోర్నమెంట్లు పెట్టారు. అంటే బంతిని కాళ్ల దగ్గర పెట్టుకొని ఎదుటివాణ్ణి తప్పించుకుంటూ పోవడం కుదరదు. వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి.

ఒక్కసారి ఆలోచించండి. ఈ చిన్న షరతు పిల్లవాడి దిమాగ్‌లో ఏం చేస్తుంది? బంతి వచ్చాక ఎటు ఇవ్వాలా అని చూస్తే ఆలస్యమైపోతుంది. కాబట్టి బంతి రాకముందే తల ఎత్తి చూసుకోవాలి. నా వాళ్లు ఎక్కడున్నారు, ఎదుటివాళ్లు ఎక్కడున్నారు, ఖాళీ ఎక్కడుంది? బంతి లేనివాడు కూడా ఊరికే నిలబడితే నడవదు. ఖాళీలోకి పరుగెత్తి "నాకివ్వు" అన్నట్టు కనబడాలి. ఒక్క కాయిదా మారేసరికి పదకొండు మంది కళ్లూ పనిచేయడం మొదలుపెట్టాయి.

ఇంకో రకం టోర్నమెంట్ కూడా పెట్టారు. దాంట్లో బలహీనమైన కాలితో కొట్టినదే లెక్క. మనలో ఎక్కువ మందికి అది ఎడమకాలే. మామూలు మ్యాచ్‌లో ఎవడూ ఎడమకాలు వాడడు, ఎందుకంటే తప్పుతుందని భయం, నలుగురూ నవ్వుతారని శరమ్. కానీ అందరూ ఎడమకాలితోనే కొట్టాలంటే ఇంకా శరమ్ ఎక్కడిది? అందరూ అనాడీలే! నవ్వుకుంటూ, పడుతూ లేస్తూ నేర్చుకుంటారు. కొన్నాళ్లకు ఆ ఆటగాడికి రెండు కాళ్లూ కుడికాళ్లే అవుతాయి. అటు ఇటు ఎటువైపు నుంచైనా కొట్టగలిగే వాణ్ణి ఆపడం ఎంత ముష్కిలో డిఫెండర్‌ని అడగండి.

ఇప్పుడు ప్రపంచంలో పెద్ద పెద్ద క్లబ్బులు పిల్లలకు తాలీమ్ ఇచ్చే తరీఖా చూడండి. చిన్న మైదాన్, తక్కువ మంది, "రెండు టచ్‌లు మించకూడదు", "ఒక్క టచ్‌లోనే ఇవ్వాలి" లాంటి షరతులు. దీన్ని ఇప్పుడు సైన్స్ అంటున్నారు, దీనిమీద కితాబులు రాస్తున్నారు. షరతు పెట్టి ఆడిస్తే చెప్పకుండానే నేర్చుకుంటారనేదే దాని సారం. అదే మాట ఎనిమిది దశాబ్దాల నాడు హైదరాబాద్ మైదానాల్లో ఒక ఉర్దూ మీడియం చదువుకున్న మాస్టర్ ఆటగా చేసి చూపించారు.

1950: ఒక ముష్కిల్ జమానాలో

ఇప్పుడు కాస్త ఆగి జమానాని చూద్దాం. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. నిజాం రియాసత్ ఖతమ్ అయింది. ఆ రోజుల్లో మన ఖాందాన్లు ఏం చూశాయో, ఎంతమంది కొలువులు పోయాయో, ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో దాదీల నోటి నుంచి చాలామంది వినే ఉంటారు. "మనకు ఇక్కడ రేపు ఉందా?" అని ఒక పూరా తరం మనసులో అడుగుకున్న రోజులవి.

సరిగ్గా రెండేళ్లకు, 1950లో రహీమ్ సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. అదే ఏడాది ఆ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలుచుకొచ్చింది. మళ్లీ 1951లో, మళ్లీ 52, 53, 54లో గెలిచింది. వరుసగా ఐదుసార్లు! 1950లో డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. కలకత్తా పెద్ద క్లబ్బులదే ఫుట్‌బాల్ అనుకునే దేశంలో దక్కన్ పేరు మోగిపోయింది. ఆ జట్టులో నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్లు ఉన్నారు. గోల్ దగ్గర ఫ్రూవల్ అనే ఆంగ్లో ఇండియన్ ఉండేవాడు. గెలిచిన వాళ్ల పేర్లు చదివితే మన షహర్ మొహల్లాలన్నీ వరుసగా నిలబడ్డట్టు ఉంటుంది.

ఆ వెంటనే మొత్తం హిందూస్తాన్ జట్టు ఆయన చేతికొచ్చింది. రియాసత్ పోయిన మూడేళ్లలో ఒక హైదరాబాదీ ముసల్మాన్ మాస్టర్ దేశపు జట్టుకు ఉస్తాద్ అయ్యారు. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఏషియన్ గేమ్స్ జరిగాయి. ఫైనల్‌లో ఇరాన్‌ని 1-0తో ఓడించి హిందూస్తాన్ గోల్డ్ మెడల్ గెలిచింది. "ఇక్కడ రేపు ఉందా?" అన్న సవాల్‌కి రహీమ్ సాబ్ తఖ్రీర్‌తో జవాబివ్వలేదు, మైదాన్‌లో పని చేసి చూపించారు.

ఓటమి నుంచి తెచ్చుకున్న తర్జుమా

అన్నీ గెలుపులే కావు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యారు. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. చలి, తడి నేల, ఎదురుగా బూట్లు వేసుకున్న బలమైన ఆటగాళ్లు. ఆ దెబ్బ తర్వాతే బూట్లు తప్పనిసరి అన్నారు.

బూట్లతోనే అంతా సరిపోతుందని చాలామంది అనుకున్నారు. రహీమ్ సాబ్ మాత్రం ఇంకో సంగతి పట్టుకున్నారు. ఆ ఒలింపిక్స్‌లో గోల్డ్ గెలిచింది హంగరీ. ఆ రోజుల్లో చాలా జట్లు ఆడే ఆట పద్ధతి ఒకటే. వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు. ముందున్న సెంటర్ ఫార్వర్డ్ గోల్ దగ్గర నిలబడతాడు, ఎదుటి సెంటర్ బ్యాక్ అతనికి పహరా కాస్తాడు. హంగరీవాళ్లు ఆ సెంటర్ ఫార్వర్డ్‌ని వెనక్కి జరిపారు. ఇప్పుడు పహరా కాసేవాడికి పరేషాన్. అతని వెంట పోతే వెనక ఖాళీ, పోకపోతే అతను హాయిగా బంతి తీసుకొని ఆట నడిపిస్తాడు. 1953లో ఇదే చాల్‌తో హంగరీ లండన్ వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించి దునియాని హైరాన్ చేసింది. ఫుట్‌బాల్ పుట్టింట్లో జరిగిన పరాజయం అది.

రహీమ్ సాబ్ ఈ ఇల్మ్‌ని ఉన్నదున్నట్టు నకల్ చేయలేదు. ఉస్మానియా తరీఖాలో తర్జుమా చేశారు. మనవాళ్ల ఒళ్లు యూరప్ వాళ్లంత భారీ కాదు, ఢీకొడితే మనమే పడతాం. కాబట్టి బంతి నేలమీదే ఉండాలి, ఎవరి దగ్గరా ఆగకూడదు, ఖాళీల్లోకి పోతూ ఉండాలి. ఏ ఏళ్లలోనో హైదరాబాద్ పిల్లల చేత ఆడించిన నాన్ డ్రిబ్లింగ్ ఆట ఇక్కడ పనికొచ్చింది. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు అనే పద్ధతి వైపు ఆయన జట్టును నడిపించారు. 1958 వరల్డ్ కప్‌లో బ్రెజిల్ గెలిచాకే ఆ 4-2-4 పద్ధతి దునియాకంతా మషూర్ అయింది. ఆట తెలిసిన పెద్దలు రహీమ్ సాబ్‌ని "జమానా కన్నా ముందున్న మనిషి" అనేది ఇందుకే.

మెల్‌బోర్న్ నుంచి జకార్తా దాకా

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబర్ 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హిందూస్తాన్ జట్టు ఆస్ట్రేలియాతో, వాళ్ల గడ్డమీదే తలపడింది. 4-2తో గెలిచింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఏషియా ఆటగాడి మొదటి హ్యాట్రిక్ అది. సెమీఫైనల్‌కి వెళ్లిన మొదటి ఏషియా జట్టు మనదే. అక్కడ యుగోస్లావియా చేతిలో ఓడి, తర్వాత బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. నాలుగేళ్ల కింద 10-1తో ఓడిన దేశం ఇది!

ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరామ్ అందరూ హైదరాబాద్, సికింద్రాబాద్ మట్టిలో తయారైనవాళ్లే. బలరామ్‌ది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ, గరీబ్ ఇల్లు. ప్రాక్టీస్‌కి అంత దూరం రావడానికి పైసలు లేవంటే రహీమ్ సాబ్ సైకిల్ కిరాయికి తానే డబ్బులిచ్చేవారని చెబుతారు. ఆ సైకిల్ కిరాయి ఖర్చు ఊరికే పోలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టింది ఆ బలరామే.

ఇక 1962, జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక నిలబడి మళ్లీ మళ్లీ తలతో బంతి ఆపాల్సిన పని అతనిది. వేరే కోచ్ అయితే బయట కూర్చోబెట్టేవాడు. రహీమ్ సాబ్ అతణ్ణి ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు! సెమీస్‌లో అతను గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. రాజకీయాల గొడవ వల్ల స్టేడియం నిండా ఉన్న లక్ష మంది జనం మనకు ఖిలాఫ్. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్, 20వ నిమిషంలో కుట్ల తలతో జర్నైల్ సింగ్ గోల్. 2-1తో గోల్డ్ మెడల్ మనది. ఆ అల్లరి జనం మధ్య పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మన జట్టుకు హౌసలా ఇచ్చారని చెప్పుకుంటారు.

అప్పటికే రహీమ్ సాబ్ ఒంట్లో కాన్సర్ ఉంది. 1963 జూన్ 11న ఇంతెఖాల్ అయ్యారు. వయసు 53. ఆ జకార్తా తర్వాత ఈ రోజుదాకా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ గోల్డ్ మనకు రాలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కి మన జట్టు వెళ్లనే లేదు.

ఫన్, ఇల్మ్, ఖేల్

ఇంగ్లీషులో "ఫన్" అంటే సరదా. మన ఉర్దూలో ఫన్ అంటే కళ, అందుకే కళాకారుణ్ణి ఫన్‌కార్ అంటాం. రహీమ్ సాబ్ జిందగీ చూస్తే ఆ రెండు ఫన్‌లూ ఒకటే అనిపిస్తుంది. బంతి కదలికలో ఖూబ్‌సూరతీ ఆయన ఫన్. మనిషి ఒళ్లు, మైదాన్ కొలత, ఎదుటివాడి చాల్ లెక్కగట్టడం ఆయన ఇల్మ్. ఆ రెంటినీ పిల్లలకు అందించిన దారి మాత్రం ఖేల్. నవ్వుకుంటూ ఆడే ఎడమకాలి టోర్నమెంట్ లేకుండా మెల్‌బోర్న్ లేదు, జకార్తా లేదు.

ఆయన వెలిగించిన చిరాగ్ కొంతకాలం వెలిగింది. 1970 ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ మన హైదరాబాదీ. 1977లో పెలె కలకత్తా వచ్చినప్పుడు ఆయన జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మొహమ్మద్ హబీబ్ కూడా మన హైదరాబాదీయే. రహీమ్ సాబ్ కొడుకు హకీమ్ సాబ్ రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత ఫీఫా రెఫరీ అయ్యారు. ఆపైన చిరాగ్ సన్నబడిపోయింది. 2024లో "మైదాన్" సినిమా వస్తే గానీ మన పిల్లలకు ఆయన పేరు తెలియలేదు. హైదరాబాద్ పేరుతో అప్పట్లో ఉన్న ప్రొఫెషనల్ జట్టు 2022లో ఐఎస్ఎల్ కప్ గెలిస్తే మనమూ ఖుషీగా మిఠాయి తిన్నాం. కానీ మన గల్లీల నుంచి అలాంటి జట్టుల్లోకి ఎంతమంది పిల్లలు వెళ్తున్నారు?

తప్పు ఎవరిదంటే వేలు చూపించడం ఆసాన్. నేను నా వైపే చూపించుకుంటాను. మా పెద్దోణ్ణి వేసిన స్కూల్‌కి ఒకప్పుడు మైదాన్ ఉండేది. అక్కడ కొత్త బిల్డింగ్ లేస్తుంటే మేమంతా "క్లాసులు పెరుగుతాయి, మంచిదే" అన్నాం. ఒక్క తల్లి, ఒక్క తండ్రి కూడా అడ్డు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వాడు టెన్త్‌లోకి రాగానే "ఆటలు బంద్, ట్యూషన్ చాలు" అన్నది నా నోరే. మా బేటీ గల్లీలో బంతి తన్నుతుంటే "ఇంక పెద్దదానివయ్యావు" అని లోపలికి పిలిచిందీ మా ఇంట్లోవాళ్లే. తాలీమ్ అంటే కితాబ్ మాత్రమే అనుకున్నాం. స్కూల్ మాస్టర్ అయిన రహీమ్ సాబ్ ఎప్పుడూ అట్లా అనుకోలేదు. కితాబ్ చెప్పిన చేత్తోనే విజిల్ పట్టారు.

ఇదంతా విని మా చిన్నోడు కాసేపు చుప్ అయ్యాడు. తర్వాత డ్రాయింగ్ షీట్ వెనక్కి తిప్పి కొత్త బొమ్మ మొదలెట్టాడు. రోబో లేదు. ఒక గల్లీ, ఇటుకల గోల్‌పోస్ట్, పది మంది పిల్లలు, వాళ్లలో ఇద్దరికి జడలున్నాయి. అందరి ఎడమకాలికీ ఎర్ర రంగు వేశాడు. పోటీలో దానికి ఇనామ్ రాలేదు. టీచర్ "దీంట్లో ఫ్యూచర్ ఎక్కడుంది?" అని అడిగిందట.

మొన్న ఇత్వార్ నాడు మా గల్లీలో మొదటి ఎడమకాలి మ్యాచ్ జరిగింది. ఆటో వాళ్లను బతిమాలి గంటసేపు బండ్లు పక్క సందులో పెట్టించాం. విజిల్ నేనే ఊదాను. మా బేటీ కూడా ఆడింది, నేనే పిలిచాను. మొదటి పావుగంట ఒక్క బంతి కూడా సీదా పోలేదు. ఒకటి ఒడియాల జాలీలో పడింది, ఒకటి పక్కింటి చాచీ బిందెకు తగిలింది. చాచీ బిందె ఎత్తుకొని అరుగు మీద కూర్చుంది, తిడుతుందనుకున్నాం. కాసేపు చూసి, "అరే, తల ఎత్తి చూడు, నీ పక్కన ఆ పిల్ల ఖాళీగా ఉంది, ఇవ్వు!" అని అరిచింది.

వచ్చే ఇత్వార్ కూడా ఆట ఉంది, ఇన్షాఅల్లాహ్. మీ మొహల్లాలో మీరు మొదలుపెట్టండి.